ఆ కాలేజీ పిల్లలు చేసిన ఆట ఆడి చూశారా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బట్టల కొట్టు నడుపుతున్నాను. మా అబ్బాయి ఈ ఏడాది సైన్సుతో ప్లస్ టూ పూర్తి చేశాడు. గేమ్ డిజైన్ డిగ్రీయే చదువుతానని పట్టుబట్టాడు. హైదరాబాద్‌లో ఒక కాలేజీ వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. ఏడాదికి మూడు లక్షలంట. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చూసి చేర్పించాలమ్మా?
– ఒక తండ్రి, గజపతి జిల్లా

జవాబు: అన్నయ్యగారూ, డబ్బు కట్టకముందే మీరూ బాబూ అక్కడికి వెళ్లండి. నిరుడు చివరి ఏడాది పిల్లలు చేసిన ఆటలు చూపించమనండి. వీడియోలు వద్దు. బాబు కూర్చుని మొదటి నుంచి చివరిదాకా ఆడాలి.

మాది రాయగడ. నేనూ రంగుల బ్రోచర్ చూసే ఒకచోట చేరాను. పేరు గేమ్ డిజైన్, మూడేళ్లూ నేర్పింది త్రీడీ బొమ్మలు చేయడం. ఇంటర్వ్యూలో "మీరు చేసిన ఆట ఏది?" అని అడిగితే నోరు పెగల్లేదు. అప్పటికే నాన్న పొలం తాకట్టు పెట్టారు.

ఆట నియమాలు కట్టడమే డిజైన్. మన అష్టా చెమ్మాలో ఎదుటివాళ్ల కాయ ఒక్కటైనా చంపనిదే లోపలి గళ్లలోకి పోకూడదు కదా. ఆ నియమం తీసేసి ఆడండి, ఎవరికి వారు తప్పించుకు తిరుగుతారు, ఆట చప్పబడిపోతుంది. ఇలాంటివి కాగితం మీద గీసి, పదిమందితో ఆడించి, మళ్లీ దిద్దడం మొదటి ఏడాదిలోనే నేర్పుతున్నారా అని అడగండి. పాఠం చెప్పేవాళ్లలో సొంతంగా ఆట విడుదల చేసినవాళ్లు ఎందరో కూడా అడగండి.

ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో యూనిటీకి సీ షార్ప్, అన్‌రియల్‌కి సీ ప్లస్ ప్లస్ అనే కోడ్ భాషలు కావాలి. ఒకటైనా గట్టిగా రావాలి. కోడ్ రాసేవాళ్లూ బొమ్మలు వేసేవాళ్లూ కలిసి ఏటా ఒక ఆట పూర్తి చేయాలి.

డిగ్రీ ఎవరి పేరున వస్తుందో కాగితం మీద రాయించుకోండి. 1956 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం ప్రకారం విశ్వవిద్యాలయమో, చట్టం అధికారమిచ్చిన సంస్థో ఇస్తేనే అది డిగ్రీ. ఆ పేరు యూజీసీ జాబితాలో ఉందో లేదో మీరే చూడండి.

ఇప్పుడే చేరకపోతే కొంప మునగదు. బరంపురంలో కంప్యూటర్ సైన్సు డిగ్రీ చదివాక కూడా ఇటు రావచ్చు. ఎన్‌ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ) బెంగళూరు క్యాంపస్‌లో డిజిటల్ గేమ్ డిజైన్ ఎం.డెస్, అంటే డిజైన్‌లో పీజీ ఉంది, డాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఈ సెలవుల్లో బాబుని గొడో అనే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ దింపుకోమనండి, ఉచితం. దానిలో అష్టా చెమ్మా చేయమనండి. పూర్తి చేస్తే నాకు పంపండి, ఆడి ఎలా ఉందో రాస్తాను.