వెనెటోక్లాక్స్ పక్క బెడ్ ఆయనకి 400, మా నాన్నగారికి 100 మాత్రమే ఎందుకు? పర్లాకిమిడిలో ఉండి వాడొచ్చా?

ప్రశ్న: నాన్నగారికి 68 ఏళ్లు. ఏఎమ్‌ఎల్ రకం బ్లడ్ క్యాన్సర్ అన్నారు. విశాఖలో అజాసైటిడిన్ ఇంజెక్షన్లతో పాటు వెనెటోక్లాక్స్ మాత్రలు రాశారు. పక్క బెడ్ ఆయనకి రోజుకి 400 మి.గ్రా., నాన్నగారికి 100. ఖర్చు భరించలేమని తగ్గించేశారా? ఈ మాత్ర అసలు ఏం చేస్తుంది? మాది ఒడిశాలోని పర్లాకిమిడి. రక్త పరీక్షలు, మిగతా ఇంజెక్షన్లు ఇక్కడే చేయించుకోవచ్చా?

జవాబు: ముందు చీటీలో పోసకొనజోల్ అనే మందు ఉందేమో చూడండి. ఉంటే ఆ 100 తక్కువ డోసు కాదు. బరంపురంలో క్యాన్సర్ మందుల ఫార్మసీ పనిలో ఉన్నాను. మా కౌంటర్ దగ్గర అందరికంటే ఎక్కువగా వినపడే అనుమానం ఇదే.

వెనెటోక్లాక్స్‌ని కాలేయంలో విరగ్గొట్టేది సిప్3ఏ4 అనే ఎంజైమ్. పోసకొనజోల్ ఫంగస్ మందు. ఈ జబ్బులో తెల్లకణాలు బాగా పడిపోతాయి, ఊపిరితిత్తుల్లో ఫంగస్ చేరే ప్రమాదం ఉంటుంది కాబట్టి ముందుజాగ్రత్తగా ఇస్తారు. అది ఆ ఎంజైమ్‌ని గట్టిగా అణిచేస్తుంది. అప్పుడు వెనెటోక్లాక్స్ బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది. అందుకే అమెరికా లేబుల్ (మందుతో వచ్చే అధికారిక సూచనలు) ప్రకారం మామూలుగా మొదటి రోజు 100, రెండో రోజు 200, మూడో రోజు నుంచి 400 ఇచ్చేచోట, పోసకొనజోల్ ఉంటే 10, 20, 50, నాలుగో రోజు నుంచి 70 మి.గ్రా. వొరికొనజోల్ లాంటివి ఉంటే 70 బదులు 100. యూరప్ లేబుల్‌లో ఇలాంటి బలమైన మందులన్నిటికీ 100 లేదా అంతకన్నా తక్కువ అని ఉంటుంది. కాబట్టి 100 అనేది లెక్క ప్రకారం ఇచ్చినదే. మాత్రల ఖర్చు తగ్గడం దాంతో కలిసొచ్చిన లాభం. పక్క బెడ్ ఆయనకి ఇలాంటి ఫంగస్ మందు లేదేమో, లేదా ఆ ఎంజైమ్ జోలికి పోని ఇంజెక్షన్ ఇస్తున్నారేమో. చీటీలో ఫంగస్ మందే లేకుండా 100 ఉంటే మాత్రం డాక్టరుగారిని నేరుగా అడగండి. అడగడంలో తప్పేమీ లేదు.

అసలు ప్రమాదం ఈ జోడీ విడిపోయినప్పుడు. షాపులో పోసకొనజోల్ దొరకలేదని, ఖరీదని నాలుగు రోజులు మానేస్తే ఎంజైమ్ మళ్లీ లేస్తుంది, 100 మి.గ్రా. సరిపోదు. పోసకొనజోల్ ఆపితే 2, 3 రోజుల తర్వాత వెనెటోక్లాక్స్ పాత డోసుకి వెళ్లాలని లేబుల్‌లోనే ఉంది, అది డాక్టరు చేయాల్సిన మార్పు. మాత్ర లేదని దుకాణదారు సిరప్ ఇస్తానన్నా ఒప్పుకోకండి. పోసకొనజోల్ మాత్ర 100 మి.గ్రా.వి మూడు, రోజుకి ఒకసారి (మొదటి రోజు మాత్రం రెండుసార్లు). సిరప్ 200 మి.గ్రా. చొప్పున రోజుకి మూడుసార్లు. మి.గ్రా.కి మి.గ్రా. లెక్కేసి మార్చుకునేవి కావు. పైగా సిరప్ ఒంటపట్టాలంటే కొవ్వున్న భోజనం కావాలి. మన ఇళ్లలో అడక్కుండానే వేసేసే గ్యాస్ మాత్రలు దాన్ని సగంలో ఆపేస్తాయి. మాత్రకి ఆ ఇబ్బంది లేదు.

ఇక వెనెటోక్లాక్స్ చేసే పని. మన కణాలన్నిటిలో చావు ఏర్పాటు ముందే ఉంటుంది, దాన్ని అపోప్టోసిస్ అంటారు. కణం పాడైతే బిమ్ లాంటి ప్రోటీన్లు లేచి బ్యాక్స్, బ్యాక్ అనే రెండు ప్రోటీన్లని కదిలిస్తాయి. అవి మైటోకాండ్రియా పైపొరకి చిల్లులు పెడతాయి. లోపలి సైటోక్రోమ్-సి బయటికి వస్తుంది, దాంతో క్యాస్పేస్-9, ఆ వెనక క్యాస్పేస్-3 మేలుకుని కణాన్ని లోపలి నుంచే కోసేస్తాయి. ఈ క్యాన్సర్ కణాలు బీసీఎల్-2 అనే ప్రోటీన్‌ని ఎక్కువగా తయారుచేసుకుని బిమ్‌ని దాని గాడిలో కదలకుండా పట్టి ఉంచుతాయి. చనిపోవాల్సిన కణం చావదు. వెనెటోక్లాక్స్ సరిగ్గా ఆ గాడికి అమరేలా చేసిన చిన్న అణువు. బస్సు సీటులో ముందే రుమాలు వేసినట్టు ఆ గాడిని ఆక్రమిస్తుంది, బిమ్ విడుదలవుతుంది. మందు కణాన్ని కాల్చడం లేదు, ఆగిపోయిన చావుకి అడ్డు తీస్తోంది. దీనికి ముందు వచ్చిన నావిటోక్లాక్స్ బీసీఎల్-ఎక్స్ఎల్ అనే మరో ప్రోటీన్‌ని కూడా అడ్డుకునేది. ప్లేట్‌లెట్లు బతికేది ఆ ప్రోటీన్ మీదే కాబట్టి అవి టపటపా పడిపోయేవి. దాన్ని తప్పించేలా మలిచిన అణువే వెనెటోక్లాక్స్. అమెరికాలో 2016లో సీఎల్ఎల్ అనే మరో రకం బ్లడ్ క్యాన్సర్‌కి, 2018లో ఏఎమ్‌ఎల్‌కి అనుమతి వచ్చింది. ఏఎమ్‌ఎల్‌లో అజాసైటిడిన్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో సగం మంది బతికిన కాలం (మధ్యస్థ విలువ) 9.6 నెలలు, రెండూ కలిపి ఇచ్చినవాళ్లలో 14.7 నెలలు అని 2020లో వచ్చిన పెద్ద ట్రయల్ చూపించింది. పూర్తిగా నయం చేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి, పనిచేయదన్నా నమ్మకండి.

కణాలు ఒక్కసారిగా చచ్చిపోవడమే మొదటి వారం గండం. వాటిలోని పొటాషియం, ఫాస్ఫరస్ రక్తంలోకి వచ్చేస్తాయి, వాటి డీఎన్ఏ యూరిక్ యాసిడ్ అవుతుంది, కాల్షియం పడిపోతుంది. దీన్ని ట్యూమర్ లైసిస్ అంటారు. మూత్రపిండాలు మూసుకుపోవచ్చు, గుండె లయ తప్పొచ్చు. మాత్ర మొదలుపెట్టే ముందే తెల్లకణాలు 25,000 లోపుకి రావాలి, ఎక్కువుంటే హైడ్రాక్సీయూరియాతో దించుతారు. నీళ్లు, యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ ముందే మొదలవుతాయి. డోసు పెంచే ప్రతిరోజూ మాత్రకి ముందు ఒకసారి, వేసిన 6 నుంచి 8 గంటలకి మరోసారి, చివరి డోసు చేరాక 24 గంటలకి ఇంకోసారి రక్తం తీయాలి. ఆ 6-8 గంటల రిపోర్టు అదే రోజు సాయంత్రం డాక్టరు చేతికి రావాలి, మర్నాడు వస్తే దండగ. అందుకని డోసు పెంచే రోజులు, ఆ తర్వాత రెండు మూడు రోజులు విశాఖలోనే ఉండండి. ఈ విషయంలో రాజీ వద్దు. పర్లాకిమిడి నుంచి రోజూ తిరగడం కుదిరే పని కాదు.

ఆ తర్వాత ఊళ్లో పరీక్షలు చేయించవచ్చు, కానీ శాంపిల్ గురించి కొన్ని తెలుసుకోండి. పర్లాకిమిడిలోనో పాతపట్నంలోనో రక్తం తీసి బస్సులో శ్రీకాకుళానికో బరంపురానికో పంపితే పొటాషియం తప్పుగా ఎక్కువ చూపొచ్చు. తెల్లకణాలు ఎక్కువున్న రక్తంలో కణాలు దారి కుదుపుకే పగిలిపోతాయి. అక్కడికక్కడే చేసే ల్యాబుకే ఇవ్వండి. ఇంకో పొరపాటు, ఊదా మూత ట్యూబులో రక్తం ఎక్కువైందని కొంచెం పసుపు మూత ట్యూబులోకి వంపేయడం. ఊదా ట్యూబులో ఉండేది ఈడీటీఏ పొటాషియం లవణం. దాంతో పొటాషియం పెరిగి, కాల్షియం పడిపోయి అచ్చం ట్యూమర్ లైసిస్‌లా కనిపిస్తుంది. అలాంటప్పుడు ఫాస్ఫరస్, యూరిక్ యాసిడ్ చూడండి. అవి మామూలుగా ఉంటే ముందు మరో శాంపిల్ తీయించాలి, కానీ ఆలోగా డాక్టరుకి ఫోన్ చేసేయండి. నిజమైన ట్యూమర్ లైసిస్ అయితే పొటాషియం 6, ఫాస్ఫరస్ 4.5, యూరిక్ యాసిడ్ 8 దాటడం, కాల్షియం 7కి దిగడం, వీటిలో కనీసం రెండు కలిసి కనిపిస్తాయి.

యూరిక్ యాసిడ్ బాగా పెరిగితే రాస్బురికేస్ ఇంజెక్షన్ ఇస్తారు. దానికి ముందు జీ6పీడీ అనే ఎంజైమ్ పరీక్ష అయిందా అని తప్పకుండా అడగండి. గజపతి, రాయగడ, కోరాపుట్ వైపు ఈ ఎంజైమ్ లోపం ఉన్న కుటుంబాలు ఉన్నాయి. ఆ లోపం ఉండగా ఇది ఇస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి. ఈ పరీక్ష రక్తం ఎక్కించాక చేస్తే దాత కణాల వల్ల ఫలితం మామూలుగా వచ్చేయవచ్చు, అందుకే ఎక్కించకముందే చేయించాలి. రాస్బురికేస్ ఇచ్చాక తీసిన రక్తాన్ని హెపారిన్ ఉన్న చల్లటి ట్యూబులో తీసి, ఐసు నీళ్లలో పెట్టి, 4 గంటల్లో పరీక్షించాలి. లేకపోతే ఇంజెక్షన్ ట్యూబులో కూడా పనిచేస్తూ యూరిక్ యాసిడ్ లేనట్టే చూపిస్తుంది.

తిండి విషయానికొస్తే, మాత్ర భోజనంతోనే, రోజూ ఒకే వేళకి. పరగడుపున వేస్తే ఒంటపట్టేది మూడో వంతు కంటే తక్కువే. రెండు ఇడ్లీలు, ఉప్మా, అన్నం దాల్మా ఏదైనా సరే, కడుపులో ఉండాలి. నమలకూడదు, విరవకూడదు, పొడి చేయకూడదు. వేళ తప్పి 8 గంటల్లోపు గుర్తొస్తే వేయండి, దాటితే ఆ రోజుకి వదిలేయండి. వేసుకున్నాక వాంతయినా మళ్లీ వేయొద్దు. గ్రేప్‌ఫ్రూట్, పుల్ల నారింజ, స్టార్ ఫ్రూట్ (సంతలో కరమంగా అంటారు) మందు స్థాయిని పెంచేస్తాయి. పెరట్లో ఉండే పంపర పనసది కూడా గ్రేప్‌ఫ్రూట్ జాతే, అదీ వద్దు. కమలాపండుకి ఈ గొడవ లేదు. మొదటి వారం కొబ్బరి నీళ్లు ఆపండి. నీరసంగా ఉన్నారని చుట్టాలు తెచ్చి పోస్తూనే ఉంటారు. ఒక గ్లాసులో 600 మి.గ్రా. దాకా పొటాషియం ఉంటుంది. ఓఆర్ఎస్‌లోనూ పొటాషియం ఉంది, డాక్టరు చెప్పకుండా తాగించొద్దు. మామూలు నీళ్లు రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్లు, గుండె జబ్బు ఉంటే డాక్టరు చెప్పినంత. కౌంటు తక్కువున్నన్నాళ్లూ రాత్రి నానబెట్టిన పఖాళ (చద్దన్నం), తరవాణి మానేసి వేడివేడిగా వండిందే పెట్టండి.

ఊళ్లో మందుల షాపుకి వెళ్లినా, ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లినా చీటీ చూపించాకే ఏదైనా తీసుకోండి. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, ఫ్లుకొనజోల్, బీపీకి వాడే డిల్టియాజెమ్, వెరాపమిల్ ఇవన్నీ వెనెటోక్లాక్స్‌ని పెంచుతాయి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకి ఇచ్చే ఫెనిటోయిన్, కార్బమజెపైన్ బాగా తగ్గిస్తాయి. వేళ్లు, కషాయాలు అస్సలు వద్దు. లోపల ఏముందో తెలియనిదానికి డోసు సర్దడం ఎవరి వల్లా కాదు.

జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అది జ్వరం కాదు, ఎమర్జెన్సీ. ముందు కొలవండి, తర్వాతే పారాసెటమాల్. మన వైపు చలి జ్వరమంటే ఆశా కార్యకర్త మలేరియా కిట్‌తో చూస్తుంది, చూడనివ్వండి. కానీ అందులో నెగెటివ్ వచ్చిందని తెల్లారేదాకా ఆగకండి, పాజిటివ్ వచ్చినా దానికొక్కదానికే మందేసి ఊరుకోకండి. తెల్లకణాలు లేని మనిషికి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఆసుపత్రికి చేరిన గంటలోపు పడాలి. విశాఖ చేరేసరికి ఆలస్యమైతే మొదటి డోసు పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రిలోనే వేయించి అప్పుడు బయల్దేరండి. ఏ యాంటీబయాటిక్ అన్నది విశాఖ డాక్టరుతో ముందే రాయించి ఫైలులో పెట్టుకుంటే రాత్రిపూట వెతుకులాట ఉండదు. ప్లేట్‌లెట్లు 20,000 దగ్గరికి దిగుతున్నాయంటే అప్పుడే రక్తనిధికి చెప్పుకోండి. 10,000 లోపుకొస్తే రక్తం కారకపోయినా ఎక్కిస్తారు. అవి 5 రోజులే నిలవ ఉంటాయి, అడగ్గానే దొరకవు.

అజాసైటిడిన్ మిగిలిన రోజులవి ఊళ్లో వేయించాలంటే క్యాన్సర్ మందులు కలిపే అలవాటున్న ఆసుపత్రిలోనే, ఇంటికొచ్చే నర్సుతో వద్దు. డోసు చదరపు మీటరుకి 75 మి.గ్రా., 7 రోజులు. నాన్నగారి ఒంటి వైశాల్యం 1.6 అనుకుంటే 120 మి.గ్రా. 100 మి.గ్రా. వయల్‌లో 4 మి.లీ. స్టెరైల్ నీళ్లు కలిపితే మి.లీ.కి 25 మి.గ్రా. వస్తుంది, అంటే 120 మి.గ్రా.కి 4.8 మి.లీ. నాలుగు దాటింది కాబట్టి రెండు సిరంజిలు, రెండు చోట్ల పొడవాలి. కలిపింది పాలలా ఉంటుంది, అడుగున పేరుకుంటుంది. పొడిచే ముందు సిరంజిని అరచేతుల మధ్య బాగా దొర్లించకపోతే మందు సిరంజిలోనే ఉండిపోతుంది. కలిపాక గది వేడిలో గంటలోపు వాడేయాలి, ఎండాకాలంలో ఆ గంట కూడా నమ్మొద్దు. పాత సూది గుర్తుకి కనీసం అంగుళం దూరంలో వేయించండి.

చివరగా ఒకటి. మొదటి విడత చివర్లో మూలుగ పరీక్ష చేసి, క్యాన్సర్ కణాలు పోయాయని తేలితే వెనెటోక్లాక్స్‌ని 14 రోజుల వరకు ఆపుతారు, కౌంటు లేవడానికి. తర్వాతి విడతల్లో 28 రోజులకి బదులు 21 రోజులే ఇవ్వొచ్చు. చాలామంది ఇది చూసి మందు పనిచేయలేదని ఆపేశారనుకుని వేరే చోటికి పరిగెడతారు, లేదా ఇంట్లో మిగిలిన మాత్రలు సొంతంగా వేసేస్తుంటారు. ఆపిన రోజు, మళ్లీ మొదలయ్యే రోజు, ఆ మధ్యలో పోసకొనజోల్ కొనసాగించాలా లేదా అనే మూడూ డాక్టరుగారితో చీటీ మీద రాయించుకుని మరీ విశాఖ నుంచి బయల్దేరండి.