రోజూ సికింద్రాబాద్‌కు అప్ అండ్ డౌన్.. ఉద్యోగం మారితే బీపీ తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 44. ఉండేది కాజీపేట, ఉద్యోగం సికింద్రాబాద్‌లో. చాలా ఏళ్లుగా సీజన్ పాస్ మీద రైల్లో అప్ అండ్ డౌన్ చేస్తున్నాను. పొద్దున నాలుగున్నరకు లేస్తే, ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. నడుం నొప్పి, ఛాతీలో మంట, పగలంతా నిద్రమత్తు. గురక పెడుతున్నానని మా ఆవిడ అంటోంది. మొన్న బీపీ చూపిస్తే 148/94 ఉంది. హనుమకొండలో ఓ ఉద్యోగం దొరికింది, జీతం తక్కువ. మారితే ఇవన్నీ తగ్గుతాయా?
– ఓ పాఠకుడు, కాజీపేట

జవాబు: ఆరోగ్యం వరకే అడిగితే, మారమనే చెప్తాను. కానీ బాధలన్నీ రైలు ఖాతాలో వేసేసి పరీక్షలు మానుకోకండి.

మీకు రాత్రి ఐదారు గంటల నిద్ర కూడా దక్కుతున్నట్టు లేదు. కనీసం ఏడు కావాలి. రైల్లో కునుకు తీస్తాం కదా సార్ అంటారు చాలామంది. ఘన్‌పూర్ దాటాక కన్నంటుకుని, జనగామలో జనం ఎక్కగానే తెరుచుకునే నిద్ర అది, లెక్కలోకి రాదు. నిద్ర చాలకపోతే రాత్రిపూట దిగాల్సిన బీపీ సరిగా దిగదు, ఇన్సులిన్ పని మందగిస్తుంది, ఆకలి పెరుగుతుంది. ఉద్యోగం మారితే ముందు బాగుపడేది ఇదే.

గురక సంగతి వేరు. గురక, పగటి మత్తు, బీపీ మూడూ కలిసి ఉంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడుతోందేమో చూడాలి. స్లీప్ ఆప్నియా అంటారు. అదే ఉంటే ఇంట్లో ఎనిమిది గంటలు పడుకున్నా అలసట పోదు. ఈఎన్‌టీ లేదా ఊపిరితిత్తుల డాక్టర్‌ను కలిసి స్లీప్ స్టడీ గురించి అడగండి.

ఛాతీ మంట బహుశా పొద్దుపోయి తిని వెంటనే పడుకోవడం వల్ల. అయినా ఈ వయసులో, ఈ బీపీతో ఒకసారి ఈసీజీ తీయించాల్సిందే. స్టేషన్ మెట్లెక్కేటప్పుడు మంటో బరువో వచ్చి, ఆగితే తగ్గుతోందంటే దాన్ని గ్యాస్ అనుకోవద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ఒక్క రీడింగ్‌తో బీపీ ఉందని తేల్చలేం. వారం పాటు ఉదయం, రాత్రి, ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక రెండేసి సార్లు చూసి రాసుకోండి. సగటు 135/85 లేదా అంతకు మించి ఉంటే బీపీ ఉన్నట్టే. షుగర్, థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా చూపించండి. నడుం నొప్పి చాలావరకు గంటల తరబడి కూర్చోవడం వల్లే, కాళ్లలోకి తిమ్మిరి పాకితే మాత్రం ఆలస్యం చేయకండి.

ఇంకో మాట. అప్ అండ్ డౌన్ మానేసిన పేషెంట్లు కొందరు ఆర్నెల్లకు బరువు పెరిగి వస్తుంటారు. ప్లాట్‌ఫాం మీద ఉరుకులు, ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మెట్లు పోతాయి, బండి మీద ఆఫీసు, మిగిలిన టైం ఫోన్‌కు. ఆ టైంలో అరగంట వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడవండి. జీతం, ఈఎంఐల లెక్క మీరూ మీ ఆవిడా కూర్చుని వేసుకోవాల్సింది. డబ్బు టెన్షన్ కూడా నిద్ర చెడగొడుతుంది మరి.

నోటీస్ పీరియడ్ అయ్యేదాకా రాత్రి భోజనం బాక్సులో పట్టుకెళ్లి తిరుగు రైల్లోనే తినేయండి, ఇంటికొచ్చాక మజ్జిగ చాలు. అరగంటకోసారి సీట్లోంచి లేవండి, సీటు పోతుందన్న భయముంటే పక్కాయనకు చెప్పి లేవండి. బాత్రూం ఇబ్బందని నీళ్లు తాగడం మానకండి.