వలిసె నూనె కనరు వాసన: కల్తీ కాదు, తడి

సందేహం: సంక్రాంతి వెళ్లాక మా వలిసెలు సాలూరులో గానుగ ఆడించి 15 లీటర్ల నూనె తెచ్చాం. రెండు నెలలకే కనరు వాసన వస్తోంది. గానుగలో కల్తీ జరిగిందని మా అనుమానం. పురుగుమందుల డీలరు ఊరికే ఇచ్చిన ఖాళీ క్యాన్‌ను సబ్బుతో మూడుసార్లు కడిగి అందులో పోశాం. చెడిపోకుండా చెంచాడు పొడి కలపమని ఆయనే అంటున్నాడు. కలపవచ్చా?
– ఓ రైతు, పాచిపెంట మండలం, పార్వతీపురం మన్యం జిల్లా

సలహా: వాసన సంగతి తర్వాత. ముందు ఆ నూనె వాడకం ఈ పూటే ఆపండి. మందు ప్లాస్టిక్‌లోకి ఇంకి ఉంటుంది. సబ్బునీటికి రానిది నూనెకు వచ్చేస్తుంది, ఎందుకంటే చాలా మందులు నూనెలోనే బాగా కరుగుతాయి. కూరకే కాదు, ఒంటికి, పశువులకు, దీపానికి కూడా వద్దు. గెడ్డలో (వాగులో) పారబోయకండి. క్యాన్‌కు చిల్లులు పొడిచి పక్కన పెట్టండి, లేకుంటే రేపు ఇంకొకరు అందులో మంచినీళ్లు పడతారు. మందు డబ్బాల్లో తిండి సరుకు పోయొద్దని ఎన్నిసార్లు చెప్పినా ఈ ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి!

పొడి కూడా వద్దు. నూనె నిల్వకు అనుమతి ఉన్న టీబీహెచ్‌క్యూ అనే రసాయనమైనా కిలోకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. మీ 15 లీటర్లు సుమారు 13.8 కిలోలు, అంటే మొత్తానికి మూడు గ్రాములు కూడా పట్టదు. చెంచాతో కొలిచే పని కాదది. పైగా ఆ పొట్లంలో ఏముందో డీలరుకైనా తెలుసా? పురుగుమందులు అమ్మే మనిషిని వంటనూనె గురించి అడగడమే పొరపాటు.

ఇక కల్తీ అనడానికి ఆధారమేమీ లేదు. వలిసె నూనెలో లినోలిక్ అనే కొవ్వు ఆమ్లం ఎక్కువ, గాలి తగిలితే త్వరగా కనరెక్కుతుంది. నువ్వుల నూనెలా తనను తాను కాపాడుకునే గుణం దీనికి తక్కువ. గానుగలో పిండి పట్టు దొరకాలని నీళ్లు చిలకరిస్తారు. ఆ తడి మడ్డితో కలిసి అడుగున ఉండిపోతే నూనె ఇంకా త్వరగా చెడుతుంది.

ఈసారి గింజను పలుచగా పరిచి రెండు మూడు రోజులు ఎండబెట్టండి. తేమ 8 శాతం దాటకూడదు, పంటికింద టక్కున విరగాలి. తెచ్చిన నూనెను మూతపెట్టి నీడలో మూడు నాలుగు రోజులు కదపకుండా ఉంచండి. తేరడానికని గాజు సీసాలో ఎండకు పెడుతుంటారు, వలిసె నూనెకు అది చేటు. పైనూనెను పొడి గుడ్డ రెండు మడతల్లో వడకట్టి, అడుగున రెండు వేళ్ల మందం వదిలేయండి. చెంచాడు నూనెను వేడి గరిటెలో వేసి చూడండి. చిటపటలాడితే ఇంకా నీరుంది, మరో రెండు రోజులు తేరనివ్వండి.

స్టీలు డబ్బా లేదా ముదురు రంగు లీటరు సీసాలు వాడండి. రాగి, ఇత్తడి, ఇనుము వద్దు. మెడ దాకా నింపాలి, ఖాళీ ఉంటే గాలి ఉన్నట్టే. పొయ్యికి దూరంగా పెట్టి, ఒకటి అయ్యాకే ఇంకోటి తెరవండి. పాత నూనె మీద కొత్తది పోయకండి. అసలు పంటంతా ఒకేసారి ఆడించడం దేనికి? నలగని గింజలో నూనె ఎక్కువ కాలం చెడదు. గోనెల్లో చెక్కల మీద నిల్వ చేసి, నెలకు సరిపడా మాత్రమే గానుగకు తీసుకెళ్లండి.