పాఠకుల ప్రశ్న: పాత చెక్క ఇంటికి వారసత్వ విలువ ఉంటుందా?

ప్రశ్న: మేము శాన్ ఫ్రాన్సిస్కోలో 1889 నాటి చెక్క ఇల్లు కొన్నాం. దాని ముఖభాగాన్ని ఎప్పుడో సిమెంటు పూతతో కప్పేశారు. చెక్క కిటికీలు కదలడం లేదు. పాత చెక్కంతా తీసేసి కొత్త పలకలు, ప్లాస్టిక్ కిటికీలు పెట్టించుకోమని పని చేసేవారు అంటున్నారు. "రాతి కోట కాదు కదా, చెక్కకు వారసత్వమేమిటి?" అని ఊరి నుంచి వచ్చిన మా మామగారు అడుగుతున్నారు. మేమేం చేయాలి?
– ఒక పాఠకురాలు, శాన్ ఫ్రాన్సిస్కో

జవాబు: దయచేసి ఆ చెక్కను తీయించకండి. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో తరతరాలుగా నిలిచిన టేకు స్తంభాలను గుర్తు చేస్తే మీ మామగారి సందేహం సగం తీరుతుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఆనాటి ఇళ్లను ఎక్కువగా రెడ్‌వుడ్ అనే చెట్ల కలపతో కట్టారు. వందల ఏళ్లపాటు అడవి నీడలో నెమ్మదిగా పెరిగిన ఆ చెట్ల కలపలో వలయాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. దాని చేవలోని సహజ రసాయనాల వల్ల చెదలకూ కుళ్లుకూ అది తేలికగా లొంగదు. అలాంటి ప్రాచీన రెడ్‌వుడ్ అడవిలో ఇప్పుడు మిగిలింది సుమారు 5 శాతమే, అందులోనూ అధిక భాగం రక్షిత ప్రాంతం. కాబట్టి ఈరోజు మార్కెట్లో దొరికేది ప్రధానంగా లేత చెట్ల కలప. మీ గోడ నుంచి పీకి పారేసిన పలకకు సాటి వచ్చేదాన్ని మళ్లీ కొనడం చాలా కష్టం.

ఇక చరిత్ర. 1906 ఏప్రిల్ 18న వచ్చిన భూకంపం, ఆ తర్వాత రోజుల తరబడి చెలరేగిన మంటలు సుమారు 28 వేల కట్టడాలను నాశనం చేశాయి. పడమరగా వ్యాపిస్తున్న మంటలను వాన్ నెస్ అవెన్యూ పరిసరాల్లో నిలువరించగలిగారు. మీ ఇల్లు నేటికీ ఉందంటే ఆ మంటలు దాన్ని తాకలేదన్నమాట. అంతటి విపత్తును తప్పించుకున్న ఇళ్లను కూడా ఆ తర్వాత పట్టణ పునర్నిర్మాణం పేరుతో వెస్టర్న్ అడిషన్ ప్రాంతంలో పెద్ద సంఖ్యలో కూల్చివేశారు. అది నగరానికి తీరని నష్టమని నా దృఢమైన అభిప్రాయం. మిగిలిన ప్రతి ఇల్లూ విలువైనది కావడానికి ఈ నష్టమూ ఒక కారణం.

సిమెంటు పూతను తొలగించే ముందు అనుభవజ్ఞుల చేత ఒక మూల చిన్న భాగం తీయించి చూడండి. పూత వేసేటప్పుడు అలంకారాలను తీసేసి ఉన్నా, అవి ఉన్నచోట రంగు తేడాలు, మేకుల గుర్తులు పలకల మీద తరచుగా మిగిలి ఉంటాయి. పోయిన నగిషీలను తిరిగి చేయడానికి వడ్రంగికి ఊహకంటే ఆ జాడలే నమ్మదగిన ఆధారం. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ కనుక, ముఖ్యంగా ఇంట్లో పిల్లలుంటే, శిక్షణ పొందినవారితో తప్ప గీకించవద్దు. ఆ కాలపు కిటికీ తలుపులు పైకీ కిందికీ జరుగుతాయి; వాటికి తూకంగా కిటికీల చట్రం పక్క గూటిలో ఇనుప బరువులు తాళ్లతో వేలాడుతుంటాయి. తాడు తెగడమో, రంగు పొరలు పేరుకోవడమో జరిగితే తలుపు కదలదు. రెండూ బాగుచేయగలిగినవే. పునాదికి చెక్క చట్రాన్ని బోల్టులతో బిగించి, పునాదికీ ఇంటి నేలకూ మధ్య ఉండే పొట్టి చెక్క గోడలకు ప్లైవుడ్ దన్ను ఇప్పిస్తే భూకంప రక్షణ పెరుగుతుంది, ముఖభాగమూ చెక్కుచెదరదు.

ఖర్చు విషయంలో 1972లో కాలిఫోర్నియా తెచ్చిన మిల్స్ చట్టం గురించి నగర ప్రణాళికా విభాగంలో విచారించండి. అధికారిక చారిత్రక జాబితాలో చేరిన ఇంటి యజమాని దాన్ని సంరక్షిస్తానని ఒప్పందం చేసుకుంటే ఆస్తి పన్ను తగ్గే వీలుంది. అయితే ఆ ఒప్పందం కనీసం పదేళ్లది, ఏటా దానంతటదే పొడిగింపవుతుంది, ఇల్లు అమ్మితే కొన్నవారికీ వర్తిస్తుంది. సంతకం చేసే ముందు ఆ షరతులను న్యాయవాదితో చదివించుకోండి.