బీచ్ స్టేషన్‌లో బీచ్ ఏది?

ప్రశ్న: టీచర్ గారూ, నమస్కారం. మాది నెల్లూరు. ఉద్యోగం కోసం చెన్నై వచ్చి అంబత్తూరులో ఉంటున్నాం. మా పాప ఏడో తరగతి. స్కూల్లో తెలుగు లేదు కాబట్టి ఇంట్లో నేనే నేర్పిస్తున్నాను. పోయిన ఆదివారం సముద్రం చూపిస్తానని రైల్లో బీచ్ స్టేషన్‌కి తీసుకెళ్లాను. దిగి చూస్తే సముద్రమే లేదు. "అసలు బీచ్ అంటే ఏంటి నాన్నా?" అని అడిగింది. ఇంగ్లిష్ పాఠంలో తిమింగలం 'బీచ్ అయింది' అని ఉందట. హిందీ ట్యూషన్‌లో బీచ్ అంటే మధ్య అని చెప్పారట. తెలుగులో బీచ్‌ని ఏమంటారంటే నాకూ వెంటనే మాట తోచలేదు. కాస్త చెప్పండి.
- ఒక తండ్రి, అంబత్తూరు

జవాబు: ముందు పాప నిరాశ సంగతి చూద్దాం. ఈ ఆదివారం అదే స్టేషన్‌లో వేళచ్చేరి బండి ఎక్కండి. తిరువల్లిక్కేణిలో దిగి తూర్పుకు నడిస్తే మెరీనా వచ్చేస్తుంది.

బీచ్ స్టేషన్ పేరు అబద్ధం కాదు, పాతబడిన నిజం. దాని ముందున్న రాజాజీ సాలైని మా మామగారి తరం వాళ్లు ఫస్ట్‌లైన్ బీచ్ అనేవాళ్లు. హార్బర్ కట్టకముందు అలలు ఆ దరిదాపుల దాకా వచ్చేవి. ఓడలు దూరంగా లోతు నీళ్లలో ఆగేవి. మనుషుల్నీ సరుకునీ మసూలా పడవలు ఒడ్డుకు చేర్చేవి. పలకలకు మేకులు కొట్టకుండా కొబ్బరి పీచు తాడుతో కుట్టిన పడవలు అవి. అల తాకితే విరగకుండా ఒంగేవి. 1870ల్లో హార్బర్ పని మొదలైంది. 1881లో తుపాను వచ్చి గోడల్ని కూల్చినా మళ్లీ కట్టారు. సముద్రం అవతలికి జరిగింది, పేరు మాత్రం ఇవతలే ఉండిపోయింది. 1931లో బీచ్ నుంచి తాంబరానికి కరెంటు రైలు నడిచేనాటికే అక్కడ బీచ్ అంటే ఒక స్టేషన్, అంతే. ఇప్పుడు బయటికొస్తే బర్మా బజారు, ఆ పక్క హార్బర్ గోడ.

ఆ గోడే ఇంకో పని కూడా చేసింది. మన తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. హార్బర్ అడ్డం రావడంతో దక్షిణాన పోగుపడింది. మెరీనా అంత వెడల్పుగా ఉండటానికి అదే కారణం. అక్కడ నడకదారి వేయించి, 1884లో ఆ ఇటలీ మాటను పేరుగా పెట్టింది గవర్నర్ గ్రాంట్ డఫ్. ఉత్తరాన రాయపురం వైపు ఇసుక అందక ఒడ్డు కోసుకుపోయింది. అందుకే అక్కడ బండరాళ్లు పోశారు. పాపను అటు కూడా ఒకసారి తీసుకెళ్లండి. రెండూ చూస్తేనే బోధపడుతుంది.

ఇక మాట సంగతి. ఇంగ్లిష్‌లో బీచ్ అంటే మొదట ఒడ్డు కాదు, అలలకు అరిగి నునుపెక్కిన గులకరాళ్లు. 16వ శతాబ్దంలో ఆ అర్థంతోనే కనిపిస్తుంది. ఆ రాళ్లు పరుచుకున్న చోటుకు తర్వాత అదే పేరు వచ్చింది. మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్లినప్పుడు బ్రైటన్ తీసుకెళ్లింది. మెరీనా అలవాటుతో చెప్పులు విప్పి అడుగు వేశాను. ఇసుక లేదు, అన్నీ రాళ్లే! నాలుగడుగులు వేసేసరికి అరికాళ్లు మండాయి. నిఘంటువులో ఎప్పుడో చదివిన పాత అర్థం ఆరోజు కాళ్లకు తెలిసింది.

తిమింగలం విషయంలో ఆ మాట క్రియ. పడవను నీళ్లలోంచి ఒడ్డు మీదికి లాగడాన్ని బీచ్ చేయడం అంటారు. తిమింగలం తిరిగి వెళ్లలేక ఒడ్డున చిక్కుకుపోతే 'బీచ్' అయినట్టు. 2016 జనవరిలో తూత్తుకుడి జిల్లా తీరంలో 80కి పైగా తిమింగలాలు అలా చిక్కుకున్నాయి. దీనికి మనం కొత్త మాట వెతుక్కోనక్కర్లేదు. 'ఒడ్డుకు కొట్టుకొచ్చాయి' అంటే చాలు.

హిందీ బీచ్‌కీ దీనికీ చుట్టరికం లేదు. యూరప్‌లో బీచ్ అనే చెట్టు కూడా ఉంది. ఇంగ్లిష్‌లో దాని స్పెల్లింగ్ వేరు, పలకడం ఒకటే. తెలుగులో రాస్తే మూడూ ఒకేలా ఉంటాయి కాబట్టి, ఏది ఏదో పక్కనున్న మాటలే చెప్పాలి.

తెలుగులో వెంటనే మాట తోచలేదని బాధపడకండి. మనకు ఒక్క మాట లేదు, చాలా ఉన్నాయి. నీళ్లకు ఆనుకుని మనిషి నిలబడే చోటు ఒడ్డు. మ్యాప్‌లో పొడుగునా కనిపించేది తీరం. ఇసుక మేట వేసి ఎత్తుగా ఉంటే తిన్నె. ఈదలేక అలసిపోయినవాడు చేరాలనుకునేది దరి. వీటన్నిటికన్నా నాకు ప్రాణమైన మాట చెలియలికట్ట. సముద్రానికి హద్దు అని అర్థం. విడదీస్తే చెల్లెలి గట్టు.

ఆ మాట నేను మా అమ్మమ్మ నోట విన్నాను. ఆమెది నాగాయలంక. చిన్నప్పుడు సముద్రం హోరుకు భయపడితే "అది చెలియలికట్ట దాటదే పిచ్చిపిల్లా, పడుకో" అనేది. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన ఆ కట్ట దాటింది. అమ్మమ్మ బతికింది గానీ ఇల్లు మిగల్లేదు. ట్రిప్లికేన్‌లో మా ఇంటికి తెచ్చుకున్నాం. ఒక సాయంత్రం మెరీనాకు తీసుకెళితే రోడ్డు దగ్గరే ఆగిపోయింది, ఇసుకలో కాలు పెట్టలేదు. ఆ తర్వాత ఆమె నోట ఆ మాట నేను వినలేదు. 2004 డిసెంబరు 26 ఉదయం సునామీ ఇక్కడా కట్ట దాటినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది అమ్మమ్మే. అప్పటికి ఆమె లేదు.

పాప మామూలుగా బీచ్ అనే అననివ్వండి, తప్పేం లేదు. మన ఇళ్లలో ఆ మాట ఎప్పుడో తెలుగైపోయింది. చెలియలికట్ట మాత్రం నోట్‌బుక్‌లో రాయించండి. సునామీ గురించి అడిగితే ఆ మాటతోనే చెప్పండి.

ప్రశ్న: ఓడలు ఆగే చోటు ఓడరేవు, బట్టలు ఉతికే చోటు చాకిరేవు. అంత పెద్దదానికీ ఇంత చిన్నదానికీ ఒకటే మాట ఎలా వచ్చిందమ్మా?
- ఒక పాఠకురాలు, కొరట్టూరు

జవాబు: రేవుకు చిన్నాపెద్దా లేదమ్మా. మనిషి పని మీద నీళ్లలోకి దిగే చోటు, నీళ్లలోంచి ఎక్కే చోటు రేవు. స్నానానికైనా, పడవ ఎక్కడానికైనా, ఉతకడానికైనా సరే. ఒడ్డంతా రేవు కాదు. తమిళంలో 'తుఱై' కూడా ఇంతే. హార్బర్‌ని తుఱైముగం అంటారు, చెరువు మెట్ల దగ్గర పడిత్తుఱై అంటారు. మీరు బెసెంట్ నగర్ వైపు బస్సులో వెళితే వణ్ణాన్‌తుఱై అనే స్టాపు వస్తుంది. అది మన చాకిరేవే.