నోటుబుక్కు పట్టుకుపోకు బిడ్డా

బిడ్డా,

నువ్వు హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి, ములుగు అడవుల్లో గుత్తికోయల గూడేల్లో పనికి పోతున్నావని నిన్న మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. రాత్రంతా నిద్ర లేదు. భయం కొంత, సంతోషం కొంత. మన ఇంట్లో ఇలాంటి పనికి పూనుకున్న ఆడపిల్లవి నువ్వే.

దోమతెర మర్చిపోకు. జ్వరమొస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించుకో. వాళ్ల మాట నేర్చుకో, తెలుగులో అడిగితే తల ఊపి ఊరుకుంటారు.

నక్సలైట్ల మీదికి ప్రభుత్వ అండతో నడిచిన సల్వాజుడుం రోజుల్లో, 2005 తర్వాత, ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్లు వాళ్లు. ఇక్కడ పోడు కోసం ఫారెస్టు వాళ్లతో గొడవ, ఎస్టీ సర్టిఫికెట్ లేదు. ఇప్పుడు అంతా ప్రశాంతమేనని ఎవరైనా అంటే నమ్మకు. అంగడికి పోయేటప్పుడు ఎవర్ని చూసి దారి మారుస్తారో గూడెం ఆడవాళ్లని అడుగు. ఫారెస్టు బీట్ ఆఫీసర్‌తో మాట్లాడాలంటే పగలే, పదిమంది చూస్తుండగా మాట్లాడు.

ఇన్నేళ్లూ మీ నాన్నకు కూడా చెప్పని సంగతి ఒకటుంది.

2004 అక్టోబర్. ప్రభుత్వం, నక్సలైట్లు హైదరాబాద్‌లో నాలుగు రోజులు ఎదురెదురుగా కూర్చున్నారు. దాని వెనుక ఐఏఎస్ ఎస్.ఆర్. శంకరన్ గారి పౌరుల కమిటీ ఏళ్ల కష్టం ఉంది. 1987లో గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఎత్తుకుపోయిన ఐఏఎస్ అధికారుల్లో ఆయనా ఒకరు. పదేళ్లు గడిచాక ఆయనే, చంపడం ఆపండని రెండు వైపులా అడుగుతూ ఊళ్లు తిరిగాడు. ఆయనంటే నాకు ప్రాణం. నేనూ ఏదో చేయాలని మా బడి వరండాలో మీటింగ్ పెట్టాను.

జనం మొదట నోరు విప్పలేదు. బీడీలు చుట్టే ఒకామె లేచి, రాత్రి వచ్చినవాళ్లకు అన్నం పెట్టకపోతే ఒక బాధ, పెడితే పొద్దున ఇంకో బాధ అంది. అంతే, అందరూ మొదలుపెట్టారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. పంతులు అలవాటు పోదు కదా, పొడుగు నోటుబుక్కు తీసి పేరు, ఇంటిపేరు, చెప్పిన మాట, అన్నీ రాసుకున్నాను. సంతకాలు కూడా పెట్టించాను. ఆమెకు చదువు రాదు. నా స్టాంప్‌ప్యాడ్ మీద బొటనవేలు అద్ది, కాగితం మీద నొక్కి, మిగిలిన సిరా తలకు తుడుచుకుంది. మొత్తం ఇరవై మూడు పేర్లు. ఆ పుస్తకం బడి బీరువాలో పెట్టాను. తాళం సరిగా పడని బీరువా.

జనవరి కల్లా చర్చలు చెడిపోయాయి. పుస్తకం ఎప్పుడు పోయిందో, ఎవరు తీశారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఇరవై ముగ్గురినీ ఒక్కొక్కరినే పిలిచారు, పగలు ఒక వైపు వాళ్లు, రాత్రి ఇంకో వైపు వాళ్లు. ఆమెను మూడు రోజులు కూర్చోబెట్టారు. ఉగాదికి ముందే పిల్లల్ని తీసుకుని మహారాష్ట్రలోని భివండి వెళ్లిపోయింది. ఆ ఇంటి తాళం తుప్పు పట్టేదాకా రోజూ బడికి పోతూ చూశాను. నన్ను మాత్రం ఎవరూ పిలవలేదు. నేను సారును.

అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా, పేర్లు రాయకు. సంస్థ వాళ్లు రిపోర్టుకు కావాలంటారు, ఇవ్వనని చెప్పు. నీ ఫోన్ నా నోటుబుక్కు కంటే ప్రమాదం, అందులో ఫొటో ఉంటుంది, చోటు ఉంటుంది, తేదీ ఉంటుంది. నువ్వు సెలవుకు ఇంటికొచ్చాక కూడా వాళ్లు ఆ గూడెంలోనే ఉంటారు, ఆ సంగతి గుర్తుపెట్టుకునే ఎవరినైనా మాట్లాడమని అడుగు.

కోప్పడ్డానని అనుకోకు. పోయే ముందు ఒక ఆదివారం రా. మీ పెద్దమ్మ సకినాలకు బియ్యం నానబోస్తానంటోంది. ములుగులో బస్సు దిగగానే ఒక్క ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

మీ పెదనాన్న