తోట ఆగదు, పరీక్ష ఆగదు.. సున్నం ఆగుతుంది

ప్రశ్న: మాది ఉద్దానంలో పలాసకు దగ్గరి పల్లె. బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నాన్న చెన్నైలో తాపీ పని చేస్తారు. ఇంట్లో అమ్మ, నాయనమ్మ, ఇంటర్ మొదటి సంవత్సరం తమ్ముడు. మార్చి వచ్చిందంటే జీడితోటలో పిక్కలు ఏరాలి, దొడ్డిలో కొబ్బరి మట్టలు తీసి దడి కట్టాలి. ఉగాదికి ఇంటికి సున్నం వేయాలని, పెంకులు తిరగేయించాలని అమ్మ పట్టుదల. నాకేమో ఏప్రిల్‌లో సెమిస్టర్ పరీక్షలు. పుస్తకం తీస్తే చాలు, "అది అట్టుకుని కూకుంటే పిక్కలెవులేరుతారే గుంటా?" అంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి తోటకెళ్లి, అక్కణ్నుంచి కాలేజీకి వెళ్తున్నాను. క్లాసులో నిద్రొస్తోంది, రాత్రిళ్లు ఏడుపొస్తోంది. ఇంకా ముందే లేవమంటారా?

జవాబు: వద్దమ్మా. నాలుగింటికి లేస్తున్న పిల్ల మూడింటికి లేస్తే చదివింది తలకెక్కదు, ఆరోగ్యమూ చెడుతుంది. పైగా మీ వైపు తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయని నీకు తెలియంది కాదు. పండిన జీడిమామిడి పళ్ల కోసం అవి చీకట్లోనే వస్తాయి. వెలుగొచ్చేదాకా ఒక్కదానివే తోటలో అడుగుపెట్టకు. మిగతా విషయాల్లో నచ్చింది తీసుకో, ఇది మాత్రం ఈ రోజు నుంచే పాటించు.

ఇక అమ్మ సంగతి. నీ చదువంటే ఆవిడకు గిట్టదనుకుంటున్నావేమో, నీ ఉత్తరంలో నాకు అలా కనిపించలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ ఉద్దానాన్ని ఏం చేసిందో అప్పటికే బడికి వెళ్తున్న నీకు గుర్తుండే ఉంటుంది. ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా ఒరిగిపోయాయి. మళ్లీ అంట్లు నాటినవాళ్లకు మూడో ఏట నాలుగు పిక్కలు కనిపించినా, చేతికి నిండుగా కాపు వచ్చేది ఇప్పుడిప్పుడే. అన్నేళ్లు ఎదురుచూసిన మనిషికి చెట్టు కింద రాలిన ప్రతి పిక్కా అప్పు తీర్చే డబ్బులా కనిపిస్తుంది. భర్త దూరాన ఉన్నాడు. ఇల్లు కురిస్తే, పంట పోతే ఊళ్లో మాట పడాల్సింది తనే. ఆ భయం నోటికొచ్చేసరికి 'ఎవులేరుతారే' అవుతోంది. ఇదంతా నువ్వు సర్దుకుపోవాలని చెప్పడం లేదు. రేపు ఆవిడతో మాట్లాడేటప్పుడు ముందు ఈ భయాన్ని నువ్వే పైకి అను. "తోట పోనివ్వనమ్మా, పిక్కలు మనింటికే వస్తాయి" అన్నాక నువ్వు చెప్పే రెండో మాట చెవికెక్కుతుంది.

ఆ రెండో మాట ఏమిటంటే, నీ మీద పడ్డ పనులన్నీ ఒక్క తొందరవి కావు. సెమిస్టర్ తేదీ నీ చేతిలో లేదు. పిక్క రాలడమూ అంతే. కానీ పొడిగా ఎండ కాస్తున్న రోజుల్లో రాలిన పిక్క చెట్టు కింద రెండు రోజులున్నా చెడిపోదు. వాన తడిపితేనే నల్లబడి రేటు పోతుంది. అందుకే రోజూ పరుగెత్తే బదులు రెండు రోజులకోసారి ఏరండి, మబ్బు పట్టిన రోజు మాత్రం అందరూ కదలండి. సీజన్ ముదరకముందే చెట్ల కింద ఎండుటాకు ఊడ్చేస్తే పిక్క కంటికి ఇట్టే కనబడుతుంది, ఏరుడు తొందరగా తెములుతుంది. చేతులకు నూనె రాసుకోండి, సొనతో వేళ్లు పొక్కితే పరీక్షలో కలం పట్టడం కష్టం. ఆరబోసిన పిక్కలకు వాకిట్లో నాయనమ్మ కాపలా ఉంటుంది. బాగా ఎండాక బస్తాకెత్తితే నిల్వ ఉంటాయి. ఎనభై కిలోల బస్తా నిండిన రోజే అమ్మేయాలని లేదు, బేరానికి నీ పరీక్షల వారం తప్పించండి.

పెంకులు, సున్నం, దడి మాత్రం ఆగుతాయి. ఉగాదికి వీధరుగు, దేవుడి గది, గుమ్మాలు చాలు. మిగిలిన గోడలకు మేలో వేసుకోవచ్చు. పెంకుల పని జూన్‌లో వానలు మొదలయ్యేలోపు అయితే సరిపోతుంది. నాన్న తాపీ పని తెలిసిన మనిషి. మే నెలలో పది రోజులు సెలవు పెట్టి వస్తే కూలీ డబ్బూ మిగులుతుంది, పనీ గట్టిగా ఉంటుంది.

నీ ఉత్తరంలో నన్ను బాగా బాధపెట్టింది తమ్ముడి సంగతి. ఇంట్లో వాళ్లను లెక్కపెట్టేటప్పుడు తప్ప వాడి పేరు మళ్లీ ఎక్కడా రాలేదు. పనుల్లో వాడేం చేస్తాడో రాయలేదంటే, ఏమీ చేయడనే అనుకోవాలి. వాడి ఇంటర్ పరీక్షలు మార్చిలోనే అయిపోతాయి. నీకు సెమిస్టర్ ముంచుకొచ్చే రోజులకు వాడికి పరీక్షల బెంగ ఉండదు. పదహారేళ్ల కుర్రాడు పిక్కలు ఏరగలడు, మట్టలు లాగగలడు, బస్తా మోయగలడు. ఆడపిల్ల కాబట్టి ఇంటి పనీ తోట పనీ నీవి, మగపిల్లాడు కాబట్టి వాడికి బండీ స్నేహితులూ అన్న లెక్క ఏ ఇంట్లోనూ న్యాయం కాదు. అమ్మ ఒప్పుకోవడానికి కాస్త సమయం పట్టవచ్చు. పోట్లాట పెట్టుకోకు, కానీ మాట వెనక్కి తీసుకోకు. వాడి పరీక్షలు ముగిసిన మర్నాటి నుంచి నీ పరీక్షలు అయ్యేదాకా తోట వాడిది. తర్వాత ఇద్దరూ కలిసి వెళ్లండి.

చదువు గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, దారి నీకు తెలుసు. 75 శాతం హాజరు తగ్గకుండా చూసుకో, తగ్గితే పరీక్షకే అడ్డొస్తుంది. సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చాక పుస్తకం తీయడం కుదరదనిపిస్తే, కాలేజీ లైబ్రరీలోనే గంట కూర్చుని రా. ఇంట్లో పుస్తకం తీయడానికి పడే గొడవ అక్కడ ఉండదు.

రాత్రిళ్లు ఏడుపు అన్నావు. నిద్ర సరిపడా పోయాక కూడా వారం పది రోజుల్లో తగ్గకపోతే 14416కు ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ ఆదివారం నాన్నకు వీడియో కాల్ చెయ్యి. నీ పరీక్షల టైమ్‌టేబుల్, మే పనుల చిట్టా కాగితం మీద రాసి చేతిలో పెట్టుకో. నువ్వొక్కదానివే గదిలో కూర్చుని చెప్పుకోకు. అమ్మ, నాయనమ్మ ముందరే మాట్లాడు, తమ్ముణ్ని కూడా పక్కన కూర్చోబెట్టు. తోట వంతు గురించి వాడితో చెప్పాల్సిన మాట నాన్న నోటనే రానివ్వు.